"రైచస్ కిల్" అన్న పేరుకు తెలుగు: హత్యా, వధా?

సభ్యులందరికీ నమస్కారం. రాబర్ట్ డి నీరో, అల్ పచీనో నటించిన 2008 నాటి పోలీసు చిత్రం "రైచస్ కిల్" పేరును తెలుగులో ఎలా చెప్పాలని ఒకరు అడిగితే "ధర్మహత్య", "న్యాయమైన హత్య", "ఎన్‌కౌంటర్" అని మూడు సూచనలు వచ్చాయి. మూడింటితోనూ నాకు పేచీ ఉంది. ఆ పేచీ ఏమిటో ఆలోచిస్తూ పోతే, ఆ సినిమా నన్ను ఎందుకంత నిరాశపరిచిందో కూడా తెలిసివచ్చింది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. కథలోని గుట్టు ఇందులో బయటపడుతుంది. చూడదలచినవారు ఇక్కడే ఆగవచ్చు.

మన వాడుకలో "హత్య" తీర్పును వెంటబెట్టుకొని వచ్చే మాట. హత్యానేరం, హత్యాయత్నం, శిశుహత్య అని ఎక్కడ వాడినా అందులో పాపమో శిక్షో ఉండి తీరుతుంది. దానికి ముందు "న్యాయమైన" అని చేర్చినా మచ్చ పోదు. "ధర్మహత్య"తో వచ్చే చిక్కు ఇంకా పెద్దది. పాణిని "హనస్త చ" అన్న సూత్రంతో సాధించిన "హత్య" అన్న రూపం సంస్కృతంలో ఒంటరిగా నిలవదు, ముందు మరో పదాన్ని కోరుతుంది. ఆ ముందు పదం మామూలుగా చచ్చినవాణ్ణి చెబుతుంది. బ్రహ్మహత్య అంటే బ్రాహ్మణుణ్ణి చంపడం, గోహత్య అంటే గోవును చంపడం. పత్రికలు పుట్టించిన "పరువు హత్య" ఈ దారి తప్పింది గాని, తత్సమ సమాసంలో ఆ పట్టు ఇంకా గట్టిగానే ఉంది. కాబట్టి "ధర్మహత్య" అనగానే తెలుగు చెవికి ధర్మాన్నే చంపారని వినిపిస్తుంది.

విచిత్రమేమంటే, ఈ కథకు మూలంలో ఉన్నది అదే. టర్క్ (డి నీరో), రూస్టర్ (పచీనో) అనే మారుపేర్లతో తిరిగే ఇద్దరు న్యూయార్క్ డిటెక్టివులలో టర్క్, ఒక పసిపిల్లను చంపి కోర్టులో తప్పించుకున్నవాడి మీద దొంగసాక్ష్యం పెట్టి జైలుకు పంపుతాడు. మిత్రుణ్ణి దేవుడిలా చూసుకున్న రూస్టర్ కళ్లెదుటే అది జరుగుతుంది, అతని నమ్మకం అక్కడే కూలిపోతుంది. ఆ తరువాతే శిక్ష తప్పించుకున్న నేరస్థులు ఒక్కొక్కరుగా చనిపోవడం, శవం పక్కన చిన్న పద్యం దొరకడం మొదలవుతాయి. ఇంత బలమైన ఘట్టాన్ని చేతిలో పెట్టుకొని కూడా దర్శకుడు జాన్ ఆవ్నెట్ దాని దగ్గర నిలబడలేదు.

"ఎన్‌కౌంటర్" గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. "ఎదురుకాల్పులు" అంటే రెండు పక్షాలు ఉండాలి. "ఎన్‌కౌంటర్ చేశారు" అన్న క్షణంలో రెండో పక్షం మాయమవుతుంది. ఈ సినిమాలో చంపేవాడు యూనిఫాం చాటున కాదు, చీకటి చాటున చంపుతాడు కనుక ఆ మాట ఇక్కడ కుదరదు.

నేను "వధ" అంటాను. రావణవధ, నరకాసురవధ, కీచకవధ అని వింటూ పెరిగిన మనకు ఆ మాటలో నేరం వినబడదు, ఒక లెక్క తీరినట్టు వినబడుతుంది. ముఖ్యంగా కీచకవధను చూడండి. అది రాత్రివేళ, నర్తనశాలలో, మారువేషంలో ఉన్నవాడు రహస్యంగా చేసిన పని; విరాటనగరంలో అందరూ అది గంధర్వుల పని అనుకున్నారు. ఊరికి తెలియదు గాని, కథ వినేవాడికి మొదటినుంచీ తెలుసు. ద్రౌపది వంటశాలకు వెళ్లి నిద్రపోతున్న భీముణ్ణి లేపిన దగ్గరనుంచీ మనం వాళ్లతోనే ఉన్నాం. ఎవరు చంపారన్న ప్రశ్న మనకు లేదు; చంపవచ్చునా, చంపితే అజ్ఞాతవాసం ఏమవుతుంది అన్న ప్రశ్నలతోనే తిక్కన మన గుండెను గుప్పిట్లో పెట్టుకుంటాడు.

"రైచస్ కిల్" సరిగ్గా దీనికి వ్యతిరేకం చేసింది. సినిమా మొదట్లోనే డి నీరో కెమెరా వైపు చూస్తూ, తాను డిటెక్టివ్ డేవిడ్ ఫిస్క్‌నని, 14 మందిని చంపానని చెబుతాడు. డేవిడ్ ఫిస్క్ అన్నది రూస్టర్ అసలు పేరని, డి నీరో చదువుతున్నది మిత్రుడి రాతలని చివరలో తేలుతుంది. ఇద్దరినీ మారుపేర్లతోనే పిలిపించి, ఈ ఒక్క పేరు మార్పిడి కోసం కథంతా దాచిపెట్టారు. హంతకుడు ఎవరో చెప్పకూడదు గనుక అతని మనసులోకి మనల్ని వెళ్లనివ్వలేదు. వెళ్లనివ్వలేదు గనుక పేరులో ఉన్న "న్యాయం" గురించి ఒక్క మంచి వాదనైనా పుట్టలేదు. 1974 నాటి "ది గాడ్‌ఫాదర్ పార్ట్ టూ"లో ఒక్క సన్నివేశంలోనూ కలవని ఈ ఇద్దరు, 1995లో "హీట్"లో ఒక కాఫీ బల్లకు అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకున్న కొద్ది నిమిషాలు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటాయి. పోలీసెవరో దొంగెవరో ఇద్దరికీ తెలుసు, మనకూ తెలుసు. అందుకే ప్రతి మాటా బరువెక్కింది. ఇక్కడ సినిమా పొడవునా పక్కపక్కనే ఉన్నా ఆ బరువు రాలేదంటే తప్పు నటులది కాదు.

చేర్పు: "అభిమన్యువధ కూడా వధే కదా, అది ధర్మమా?" అని కింద ఒకరు అడిగారు. చాలా న్యాయమైన ప్రశ్న, నా మాటను సవరించుకుంటాను. వధ అన్నంత మాత్రాన ధర్మం కాదు. "గోవధ", "చిత్రవధ" కూడా ఆ సంగతే చెబుతున్నాయి. అయినా వాలివధలో చెట్టుచాటు నుంచి బాణం తగిలినవాడు ఇదేమి ధర్మమని రాముణ్ణి నిలదీస్తాడు, రాముడు సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. ఆ సంవాదానికి చోటున్న మాట కనుకనే ఈ పేరుకు "వధ" తగినదని ఇప్పటికీ అంటాను.

చివర టర్క్ తుపాకి గుండుకు రూస్టర్ నేలకొరుగుతాడు. దాన్ని మాత్రం హత్య అనలేను, వధ అనీ అనలేను. ఆ ఒక్కచోట మన అచ్చతెలుగు "చంపు" చాలు. "చచ్చు" పక్కన పుట్టిన ఆ క్రియలో తీర్పేమీ లేదు: టర్క్ తన మిత్రుణ్ణి చంపాడు.