ఐఈ నొక్కితే ఎడ్జ్ తెరుచుకుంటోంది, డీవీఆర్ కెమెరాలు కనపడట్లేదు

మిల్లు_మేనల్లుడు:

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ దగ్గర మా మామయ్యకి రైస్ మిల్లు ఉంది. అక్కడి కంప్యూటర్ గోలంతా నా నెత్తినే, ఎందుకంటే ఇంట్లో బీటెక్ చదివింది నేనొక్కణ్ణే, అదీ సివిల్. ఆఫీసు గదిలో విండోస్ 10 సిస్టమ్, అదే రౌటర్ మీద ఎనిమిది కెమెరాల డీవీఆర్ (వీడియో రికార్డ్ చేసే పెట్టె). ఇన్నేళ్లూ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ (ఐఈ) తెరిచి 192.168 తో మొదలయ్యే అడ్రస్ కొడితే లాగిన్ పేజీ వచ్చేది, కెమెరాలు కనపడేవి, పాత రికార్డింగ్ కూడా అక్కడే చూసుకునేవాళ్లం.

సిస్టమ్ స్లో అవుతోందని ఎప్పుడో సర్వీస్ అబ్బాయి అప్‌డేట్లు ఆపేసి వెళ్లాడట. మొన్న మా అకౌంటెంట్ గారు చూసి ఇదేం పద్ధతని మళ్లీ ఆన్ చేశారు. రాత్రంతా రీస్టార్టులే. తెల్లారి ఐఈ నొక్కితే ఎడ్జ్ బ్రౌజర్ వస్తోంది. అందులో డీవీఆర్ పేజీ తెరుచుకుంటుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, వీడియో రావాల్సిన చోట మాత్రం నల్లటి డబ్బా, కింద ప్లగిన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) డౌన్‌లోడ్ చేసుకోమని లింకు. చేశాను, మూడుసార్లు. మళ్లీ అదే అడుగుతోంది. క్రోమ్‌లోనూ అంతే.

చివరగా వచ్చిన రెండు అప్‌డేట్లు అన్‌ఇన్‌స్టాల్ చేశాను, తేడా లేదు. సిస్టమ్‌ని పాత స్థితికి తిప్పే రీస్టోర్ పాయింట్లు లేవు. ఐఈ సెటప్ ఇస్తామన్న ఒక సైటులో ఫైలు దించబోతే యాంటీవైరస్ కేకలు పెట్టింది, వదిలేశాను. టెన్షన్ ఎందుకంటే, పోయిన వారం ఒక లారీ లోడులో 14 బస్తాలు తేడా వచ్చింది, హమాలీలు ఒక లెక్క చెప్తున్నారు, డ్రైవర్ ఇంకో లెక్క చెప్తున్నాడు, రికార్డింగ్ చూస్తే గానీ తేలదు. డిస్క్ నిండితే డీవీఆర్ పాతది చెరిపేసుకుంటుంది కదా. ఏం చేయాలి?

వైరుమీద_కాకి:

ముందు రికార్డింగ్ సంగతి చూడండి, బ్రౌజర్ ఎక్కడికీ పోదు. డీవీఆర్ వెనక హెచ్‌డీఎంఐ ఉంటుంది, దానికి ఏదో ఒక టీవీ తగిలించి, ఒక యూఎస్‌బీ మౌస్, ఒక పెన్‌డ్రైవ్ పెట్టండి. మెనూలో ప్లేబ్యాక్, బ్యాకప్ ఉంటాయి, ఆ రోజు ఆ టైమ్ వరకు కాపీ చేసుకోండి. దీనికి కంప్యూటరే అక్కర్లేదు. విజయవాడలో నేను కెమెరాలే బిగిస్తాను, పది ఫోన్లు వస్తే ఆరు ఇవే, టీవీ పెట్టి చూడొచ్చన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇంకోటి, డీవీఆర్‌లో తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. లోపలి బ్యాటరీ అయిపోయిన వాటిల్లో గడియారం ఎక్కడికో వెళ్లిపోయి, ఉన్న రికార్డింగే లేనట్టు కనపడుతుంది.

పాత_విండోస్:

అప్‌డేట్ తీసేసినా ఐఈ ఎందుకు రాలేదంటే, దాన్ని మూసింది విండోస్ అప్‌డేట్ కాదు, ఎడ్జ్ అప్‌డేట్. విండోస్ 10లో ఐఈ 11 డెస్క్‌టాప్ యాప్‌కి సపోర్ట్ 2022 జూన్ 15తో అయిపోయింది, 2023 ఫిబ్రవరి 14న ఎడ్జ్‌కి వచ్చిన అప్‌డేట్‌తో దాన్ని శాశ్వతంగా ఆపేశారు. మీ సిస్టమ్‌లో అన్నీ ఆగిపోయి ఉన్నాయి కాబట్టి ఇన్నాళ్లు బతికింది, అంతే.

ప్లగిన్ ఎందుకు ఎక్కట్లేదంటే అది యాక్టివ్‌ఎక్స్ అనే ఐఈ రకం ప్లగిన్ అయి ఉంటుంది, పాత డీవీఆర్లన్నీ దాదాపు అదే. అది ఐఈ తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. ఇన్‌స్టాల్ అవుతుంది, ఎడ్జ్ మామూలు ట్యాబ్ దాని మొహం కూడా చూడదు, అందుకే పేజీ మళ్లీ అడుగుతుంది. ఇంకో రకం ప్లగిన్లు ఉండేవి, వాటిని క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో (ఫ్లాష్ ఒక్కటి మినహా) వదిలేశాయి. కాబట్టి బ్రౌజర్లు మార్చి లాభం లేదు.

దారి ఏంటంటే ఎడ్జ్‌లోనే ఐఈ మోడ్ ఉంది, కనీసం 2029 వరకు ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డీఫాల్ట్ బ్రౌజర్ అనే చోటికి వెళ్లి, సైట్లను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్‌లో రీలోడ్ చేయనివ్వాలా అన్న దగ్గర అలౌ పెట్టి, ఎడ్జ్ రీస్టార్ట్ చేయండి. తర్వాత అదే పేజీలో కిందికి ఐఈ మోడ్ పేజీల జాబితా ఉంటుంది, అందులో డీవీఆర్ అడ్రస్ చేర్చండి, ముందు హెచ్‌టీటీపీ కూడా కొట్టాలి. ఒక్క చిక్కు, ఆ జాబితాలో పెట్టింది 30 రోజులకి ఎగిరిపోతుంది, మళ్లీ చేర్చుకోవాలి.

మిల్లు_మేనల్లుడు:

కాకి అన్నా, దండం. డీవీఆర్ అటక మీద ఇనప పెట్టెలో ఉంది, తాళం చెవి వెతకడానికే గంట పట్టింది గానీ రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది. ఊపిరి పీల్చుకున్నాం.

పాత_విండోస్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. అడ్రస్ పక్కన చిన్న ఐఈ గుర్తు వచ్చింది, అంటే మోడ్ పనిచేస్తున్నట్టే కదా. కానీ ఇంకా నల్లగానే ఉంది. ఇప్పుడు ప్లగిన్‌ని బ్లాక్ చేశామని ఒక పట్టీ వస్తోంది, పబ్లిషర్ ఎవరో తెలియదట.

పాత_విండోస్:

దగ్గరికొచ్చేశారు. స్టార్ట్‌లో ఇంటర్నెట్ ఆప్షన్స్ అని వెతకండి, ఐఈ పోయినా అది మిగిలే ఉంది, ఐఈ మోడ్ దాని మాటే వింటుంది. సెక్యూరిటీలో ట్రస్టెడ్ సైట్స్, పక్కన సైట్స్ బటన్, అందులో హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి అన్న టిక్ తీసేసి డీవీఆర్ అడ్రస్ చేర్చండి. అదే ట్రస్టెడ్ సైట్స్‌కి కస్టమ్ లెవెల్‌లో, సంతకం లేని యాక్టివ్‌ఎక్స్ కంట్రోల్స్ దించుకునే దగ్గర ప్రాంప్ట్ పెట్టండి, ఎనేబుల్ కాదు. ఇంటర్నెట్ జోన్‌లో మాత్రం ఇవేవీ ముట్టుకోవద్దు, అక్కడ వదులు చేస్తే ప్రతి సైటుకీ గేటు తీసినట్టే. తర్వాత ఎడ్జ్ మొత్తం మూసి, ప్లగిన్ ఫైలుని రైట్ క్లిక్‌తో అడ్మినిస్ట్రేటర్‌గా ఇన్‌స్టాల్ చేయండి.

సత్తిబాబు_టెక్:

ఇంత పని ఎందుకు బ్రో, రెండు లైన్ల వీబీ స్క్రిప్ట్ (విండోస్‌కి పని చెప్పే చిన్న ఫైలు) రాసి డబుల్ క్లిక్ చేస్తే పాత ఐఈ విండోనే లేస్తుంది. మా షాపులో అలాగే చేశాను.

పాత_విండోస్:

లేస్తుంది, నేనూ చూశాను. కానీ అది మూసిన తలుపు పక్క సందులోంచి దూరడం లాంటిది, ఏ అప్‌డేట్‌తో ఆగిపోతుందో తెలియదు, పైగా అందులో ఎవరో ఒకరు జీమెయిల్ కూడా తెరుస్తారు. ఐఈ మోడ్ అయితే మీరు చేర్చిన అడ్రస్‌కి మాత్రమే.

వైరుమీద_కాకి:

ఇంకో మాట. ఇంటి నుంచి చూడ్డానికని రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి డీవీఆర్‌కి దారి తెరవడం) పెట్టి, డీవీఆర్‌కి ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంచారా? ఉంచితే ఇవాళే మార్చండి. 2016లో మిరాయ్ అని ఒక వైరస్ లాంటిది వచ్చింది, ఇలాంటి డీవీఆర్లు, కెమెరాల్లోకి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్లతోనే దూరి, ఆ అక్టోబర్‌లో అమెరికాలో పెద్ద పెద్ద సైట్లనే కాసేపు పడుకోబెట్టేసింది. మన డీవీఆర్‌తో ఎవరికేం పని అనుకోవద్దు, వాళ్లకి కావాల్సింది మీ బస్తాల లెక్క కాదు, మీ కనెక్షన్.

లైవ్ ఒక్కటే కావాలంటే బ్రౌజర్ కూడా అక్కర్లేదు, వీఎల్‌సీ ప్లేయర్‌లో ఓపెన్ నెట్‌వర్క్ స్ట్రీమ్‌కి వెళ్లి ఆర్‌టీఎస్‌పీ అడ్రస్ (కెమెరా లైవ్ వీడియో పంపే అడ్రస్) ఇస్తే చాలు, పోర్ట్ మామూలుగా 554. మిగతా అడ్రస్ కంపెనీని బట్టి మారుతుంది, మీ మాన్యువల్లో ఉంటుంది. కొత్త ఫర్మ్‌వేర్ (డీవీఆర్ లోపలి సాఫ్ట్‌వేర్) వేస్తే కొన్నిట్లో ప్లగిన్ గోలే పోతుంది గానీ, సరిగ్గా మీ మోడల్‌దే వేయాలి, మధ్యలో కరెంటు పోతే డీవీఆర్ ఇటుకరాయే. మీ మిల్లులో యూపీఎస్ లేకపోతే ఆ ఊసే వద్దు.

మిల్లు_మేనల్లుడు:

వచ్చింది! ఎనిమిదికి ఎనిమిదీ కనపడుతున్నాయి. పాస్‌వర్డ్ 12345 ఉంది, సిగ్గుతో చెప్తున్నా, మార్చేశాను. పోర్ట్ ఫార్వర్డింగ్ కూడా తీసేశాను. తీసేసిన అప్‌డేట్లు మళ్లీ వేస్తున్నాను, అకౌంటెంట్ గారికి సారీ చెప్పాను.

బస్తాల సంగతి అడుగుతారని చెప్తున్నా: లోడు మధ్యలో కరెంటు పోయి, లైట్లు వచ్చేలోపు లెక్క రాసే ఆయన ఒక వరస వేయడం మర్చిపోయాడు. వీడియోలో మళ్లీ లెక్కపెడితే 14 బస్తాలూ లారీలోనే ఉన్నాయి. ఐఈ మోడ్ గడువు 30 రోజులని చెప్తే మామయ్య గోడ మీద క్యాలెండర్లో అమావాస్య అమావాస్యకి ఎడ్జ్ అని రాయించాడు, అది ఒకటి రెండు రోజులు అటూఇటూ అవుతుందేమో గానీ ఆయన మాత్రం మర్చిపోడు.