ట్రాక్టర్ హెడ్డు మారుస్తున్నం, దాంతోపాటు ఏమేం మార్చాలె?

పరకాల_ట్రాక్టర్

మూడు సిలిండర్ల డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్, వెట్ లైనర్లు (చుట్టూ నీళ్లు తిరిగే, తీసి మార్చుకునే సిలిండర్ గొట్టాలు), మీటరు 5,400 గంటలు. రేడియేటర్ల బుడగలు వస్తున్నయి, రోజుకు రెండు లీటర్ల నీళ్లు తగ్గుతున్నయి. హెడ్డు (సిలిండర్ల మీది మూత) దించితే రెండో సిలిండర్ దగ్గర ఇన్‌లెట్ సీటు, ఎగ్జాస్ట్ సీటు నడుమ పగులు కనపడ్డది. వరంగల్ ఆటోనగర్‌ల అదే మోడల్ పాత హెడ్డు వాల్వులతో సహా దొరికింది. మెకానిక్ ఏమో "ఎట్లాగూ దించినం, హాఫ్ ఇంజన్ చేసేద్దాం" అంటున్నడు, అంటే పిస్టన్లు, లైనర్లు, రింగులు అన్నీ కొత్తవి వేసుడు. ఆయిల్ తెల్లగ మారలేదు, నీలం పొగ లేదు, బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) నుంచి పెద్దగ గాలి కొడుతలేదు. యాసంగి కరిగెట్లు మొదలయ్యేలోపు బండి పొలంల ఉండాలె. తప్పక మార్చేటివి ఏవి, ఆపుకోదగ్గవి ఏవి?

వాల్వ్_సీటు

ఒక్క లెక్క పెట్టుకోండి. మళ్లీ హెడ్డు దించకుండా మార్చలేనిది ఇప్పుడే మార్చాలె. బయటి నుంచి ఎప్పుడైనా విప్పుకోగలిగింది బాగుంటే ఆగొచ్చు. ఆల్టర్నేటర్, డీజిల్ పంపు, సెల్ఫ్ మోటార్ జోలికి ఇప్పుడు పోవద్దు.

ముందు ఆ పాత హెడ్డు సంగతి. పైసలిచ్చే ముందే ప్రెజర్ టెస్ట్ చేయించండి. నీటి దారులన్నీ మూసి, వేడినీళ్లల్ల ముంచి గాలి పట్టాలె. చల్లగ ఉన్నప్పుడు మూసుకునే సన్న పగులు వేడికే తెరుచుకుంటది. పోత ఇనుము కాబట్టి అయస్కాంత పరీక్ష చేసే షాపు దొరికితే ఇంకా మంచిది. వెల్ష్ ప్లగ్గులు (నీటి దారుల రంధ్రాలకు కొట్టే రేకు మూతలు) తుప్పు పట్టినయంటే అన్నీ కొత్తవి కొట్టించండి. ఒకటి లీకైందని ఒక్కటే మారిస్తే మిగిలినయి వరుసగ మొదలుపెడ్తయి.

ఫేసింగ్ (హెడ్డు అడుగు సాపు చేసుడు) దగ్గర తొందరపడొద్దు. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, సందు కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజ్‌తోటి నిలువుగ, అడ్డంగ, రెండు మూలల నుంచి ఏటవాలుగ చూడండి. 0.05 మి.మీ. గేజు ఎక్కడా దూరకపోతే మిల్లింగ్ అక్కర్లేదు. "శుభ్రంగ ఉంటది" అని ఊరికే ఒక కోత కోస్తరు, అది డైరెక్ట్ ఇంజెక్షన్ హెడ్డుకు చెరుపు. ఎంత కోస్తే అంత వాల్వ్ మొహం పిస్టన్‌కు దగ్గరైతది, నాజిల్ కొన అంత కిందికి దిగుతది, పిస్టన్ గిన్నెల స్ప్రే పడే చోటు మారుతది. కొయ్యక తప్పకపోతే వాల్వ్ లోతు కొలిచి, సీటు దించి సరిచేయాలె.

వాల్వులు: స్టెమ్ (వాల్వు కాడ) మైక్రోమీటరుతోటి మూడు చోట్ల కొలవండి. గైడులో (కాడ జారే గొట్టంల) పక్కకు ఊగేది సాధారణంగ ఎగ్జాస్టే. అంచు మందం 1 మి.మీ. కన్నా తగ్గినదాన్ని పక్కన పెట్టేయండి. స్టెమ్ సీళ్లు మాత్రం చూడకుండానే కొత్తవి. స్ప్రింగులు ఆరూ పక్కపక్కన నిలబెడితే పొట్టిది, వంగింది కంటికే తెలుస్తది. పేస్టు రుద్దినంక ఏ వాల్వు ఆ సీటుకే. లాకులు వేసినంక పోర్టుల కిరసనాయిలు పోసి ఐదు నిమిషాలు చూడండి, కింద తడి కనపడొద్దు.

పంప్‌రూమ్_నోట్స్

పైన చెప్పినదానికి నాజిల్ ముచ్చట కలుపుత. మూడు ఇంజెక్టర్లను, నాజిళ్లు పరీక్షించే పంప్ రూమ్‌ల ప్రెజర్, స్ప్రే చూపించండి. చుక్క కార్చే నాజిల్ ఆ ఒక్క సిలిండర్‌నే కాలుస్తది, కొత్త హెడ్డును కూడా పగలగొడ్తది. రెండో సిలిండర్‌దైతే తప్పక చూపించాలె.

ఇంజెక్టర్ కింద రాగి వాషర్ పాతది చాలాసార్లు రంధ్రంలనే అతుక్కొని ఉంటది. అది చూడక పైన కొత్తది వేస్తే రెండైతయి, నాజిల్ పైకి లేస్తది, నల్ల పొగ మొదలైతది. వాషర్ మందం కూడా పాతదానితో సమానం ఉండాలె. రిటర్న్ పైపుల బ్యాంజో వాషర్లు (పైపు బోల్టు కింది వాషర్లు) కొత్తవే వేయండి, రూపాయల కాడ చూసుకుంటే డీజిల్ కారుతది.

లైనర్_లెక్క

హాఫ్ ఇంజన్ చేయాల్నా వద్దా అన్నది మెకానిక్ నోటితో తేలేది కాదు, కొలతతో తేలాలె. బోరుల పై రింగు తిరిగే చోట గోరు పెట్టి గీకండి. మెట్టులాగ తగిలితే లైనర్ అరిగింది. హోనింగ్ గీతలు (లైనర్ లోపల తయారీల గీసిన సన్న అడ్డగీతలు) ఇంకా కనపడుతున్నయి, బ్రీదర్ శాంతంగ ఉన్నదంటే పిస్టన్లకు ఆయుష్షు ఉన్నట్టే.

హెడ్డు లేకుండ క్రాంకు తిప్పకండి! వెట్ లైనర్ పిస్టన్‌తోపాటు పైకి లేస్తది, కింది రబ్బరు ఓ-రింగు చెడుతది, అప్పుడు నీళ్లు నేరుగ కింది ఆయిల్ సంప్‌లకు పోతయి. హెడ్డు స్టడ్లకు గొట్టం ముక్క, మందం వాషర్, నట్టు వేసి లైనర్లను అదిమిపెట్టండి.

అట్లనే అదిమిపెట్టి, లైనర్ అంచు బ్లాక్ మీద ఎంత లేచి ఉన్నదో మూడింటికీ కొలిచి ఇక్కడ రాయండి. ఒక్కో లైనర్‌కు నాలుగు చోట్ల.

పరకాల_ట్రాక్టర్

గోరుకు మెట్టు తగుల్తలేదు, గీతలు కనపడుతున్నయి. బ్లాక్ మీద 0.05 గేజు ఎక్కడా దూరలేదు. అదిమిపెట్టి కొలిస్తే లైనర్లు ఒకటోది 0.09, రెండోది 0.03, మూడోది 0.08 మి.మీ. మాన్యువల్‌ల 0.05 నుంచి 0.12 దాకా ఉండాలన్నది.

లైనర్_లెక్క

మీ రోగం రెండో లైనర్ కాడ కూడా ఉన్నది. అది కిందికి దిగింది, గాస్కెట్ రింగును గట్టిగ అదమలేకపోయింది. అక్కడి నుంచి మంట గాలి నీళ్లల్లకు పోయింది, నీళ్లు తగ్గినయి, వేడెక్కింది, సీట్ల నడుమ పగిలింది. ఈ వరస కాక ముందు వేడెక్కి తర్వాత గాస్కెట్ పోయి ఉండొచ్చు గానీ, పని ఒక్కటే. ఈ లైనర్‌ను ఇట్లనే వదిలి కొత్త హెడ్డు ఎక్కిస్తే వారం తిరగకముందే మళ్లీ బుడగలే.

రెండోది బయటికి తీయండి. లైనర్ కూర్చునే గట్టు మీద తుప్పు, గుంతలు చూడండి. శుభ్రం చేసి ఓ-రింగు లేకుండ ఒట్టి లైనర్ పెట్టి మళ్లీ కొలవండి. ఇంకా తక్కువే ఉంటే అంచు కింద షిమ్ (కొలిచిన మందం సన్న రేకు) వేయాలె, లక్ష్యం మిగిలిన రెండింటి దగ్గరికి 0.08 లేదా 0.09. గట్టు గుంతలు పడితే లేత్‌ల సాపు చేయించినంకనే షిమ్. పేస్టు పూసి సరిపెట్టొద్దు.

లైనర్ తీయాలంటే పిస్టన్ తీయాలె, దాంతోటి బిగ్ ఎండ్ బేరింగ్ కనపడ్తది. రాగి రంగు తేలకపోతే అవే వేసుకోవచ్చు, కాకపోతే ఏ టోపీ ఆ రాడ్డుకే, అదే దిక్కుకు. ఎట్లాగూ ఒకటి తీస్తున్నరు కాబట్టి మూడు లైనర్ల ఓ-రింగులు, మూడు సెట్ల పిస్టన్ రింగులు కొత్తవి వేయండి. పిస్టన్లు, లైనర్లు ఉంచండి. కొత్త రింగును గాడిల పెట్టి ఫీలర్‌తో ఖాళీ చూస్తే పిస్టన్ ఉంచాల్నో వద్దో తెలుస్తది. మీ మెకానిక్ మాటల సగం నిజం ఉన్నది, బిల్లు మాత్రం సగానికి తక్కువే.

వాల్వ్_సీటు

బిగించేటప్పుడు: స్టడ్ రంధ్రాలల్ల నీళ్లు, ఆయిల్ నిలిచి ఉంటే గాలి కొట్టి ఊదేయండి. ఊదకపోతే రెంచ్ టార్క్ చూపిస్తది, హెడ్డు మాత్రం కూర్చోదు, ఒక్కోసారి బ్లాకే చీలుతది. నట్టు చేత్తోటి అడుగు దాకా తిరగకపోతే, లేదా స్టడ్ పక్కదానికన్నా సాగి ఉంటే అది మార్చండి. గాస్కెట్‌ను పాతదాని మీద పెట్టి నీటి రంధ్రాలు, మందం సరిచూడండి. కంపెనీ చెప్పకపోతే ఏ పేస్టూ పూయొద్దు. నడుమ నుంచి బయటికి, మూడు విడతలల్ల బిగించి, ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వు, రాకర్ నడుమ సందు) పెట్టండి. ఇంజన్ వేడెక్కి చల్లారినంక మాన్యువల్ చెప్పినట్టు మళ్లీ టార్క్ చూస్తే ట్యాపెట్ మళ్లీ సరిచేయాలె, ఎందుకంటే హెడ్డు కొద్దిగ దిగుతది.

థర్మోస్టాట్ ఉన్నదా, ఎండాకాలం ఎవరన్న తీసేసిన్రా చూడండి. గిన్నెల వేడినీళ్లల్ల వేసి దాని మీద కొట్టిన డిగ్రీల దగ్గర తెరుచుకుంటే పాతదే నడుస్తది. వాటర్ పంపు షాఫ్టు ఊగితేనో, కింది చిన్న రంధ్రం నుంచి కారితేనో మార్చండి. రేడియేటర్‌ను రాడింగ్ (గొట్టాలల్ల కడ్డీ పెట్టి శుభ్రం) చేయించి, బోరు నీళ్లు కాకుండ కూలెంట్ పోయండి. మన దిక్కు బోరు నీళ్లకు సున్నం పేరుకుంటది, సీట్ల నడుమ సన్న దారులు ముందు అవే మూసుకుపోతయి.

పరకాల_ట్రాక్టర్

రెండో లైనర్ తీసినం. గట్టు మీద ఒక పక్క తుప్పు పొర, గుంతలు లేవు. శుభ్రం చేసి ఒట్టి లైనర్ పెడితే 0.04 వచ్చింది.

లైనర్_లెక్క

0.05 షిమ్ ఒకటి వేస్తే 0.09 కొస్తది. అంతే, రెండు పొరలు వేయకండి. ఓ-రింగులు వేసినంక అదిమిపెట్టి నాలుగు చోట్ల ఇంకోసారి కొలిచి, అప్పుడు గాస్కెట్ పరవండి.