చర్చ: అంతరిక్ష నౌకలు కలిసేటప్పుడు లేజర్‌ను ఎంతవరకు నమ్మాలి?

అమలాపురం, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు:
ఇస్రో వారి స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న కక్ష్యలో కలిసిన నాటి నుండి మా స్టాఫ్ రూములో ఒక వాదం తెగడం లేదు. ఒక్కొక్కటి సుమారు 220 కిలోల బరువున్న ఆ రెండింటిలో వెంబడించి వెళ్లే ఛేజర్ తన లేజర్ కిరణాన్ని రెండవదానిపై అమర్చిన ప్రతిఫలకాల మీదికి పంపి, తిరిగివచ్చిన వెలుగును బట్టి దూరాన్ని లెక్కించుకుంది. రాబోయే భారతీయ అంతరిక్ష స్టేషనుకు కూడా లేజరే ప్రధాన నేత్రం కావాలని నేనంటాను. కెమెరాకు సూర్యుడు అనుకూలించాలి. లేజర్ తన దీపాన్ని తానే పట్టుకొని వెళుతుంది.

నరసాపురం, పాత సభ్యుడు:
మాస్టారూ, దీపం తనదే, కాని తిరిగివచ్చిన వెలుగు ఏ అద్దానిదో దానికి ఎవరు చెబుతారు? 2012 మే 25న డ్రాగన్ నౌక అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని సమీపిస్తుండగా, జపాను వారి కిబో విభాగంపై ఉన్న ప్రతిఫలకం నుండి అక్కరలేని వెలుగు లేజర్ సెన్సర్‌లో పడింది. నౌకను వెనక్కు జరిపి, సెన్సర్ చూసే మేరను కుదించిన తరువాతే ప్రయాణం సాగింది. సఖినేటిపల్లి నుండి సాయంత్రం పూట పంటు మీద ఇటు వచ్చేవారికి ఎదురెండలో గోదావరి తళుకే తప్ప మా రేవు కనబడదు. అయితే అక్కడ కళ్లు చికిలించి చూడడానికి పంటు నడిపే సరంగు ఉన్నాడు.

రాజోలు, ఇంజనీరింగ్ విద్యార్థిని:
స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండింటిలోనూ జీపీఎస్ వంటి నావిగేషన్ ఉపగ్రహాల సంకేతాలు అందుకునే రిసీవర్లు ఉన్నాయి కదా. వాటితోనే దూరం తెలిసేటప్పుడు లేజర్ బరువు ఎందుకండీ?

అమలాపురం, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు:
దూరాన ఉన్నంతవరకు ఆ లెక్క చాలునమ్మా. పెద్ద కేంద్రం దగ్గరకు వచ్చేసరికి దాని పలకలే ఆకాశాన్ని కప్పివేస్తాయి, సంకేతాలు వాటికి తగిలి వంకరదారిన చేరతాయి. చంద్రయాన్-4లోనైతే కలయిక చంద్రుని కక్ష్యలోనే జరగాలి. నావిగేషన్ ఉపగ్రహాలు భూమి వైపు ప్రసారం చేసేవి కనుక అక్కడికి చేరే సంకేతం మిక్కిలి బలహీనం. లేజర్‌కు ఆ బెంగ లేదు గాని గడియారం నిక్కచ్చిగా ఉండాలి: రానుపోను దారి కాబట్టి ఒక నానోసెకను పొరపాటు 15 సెంటీమీటర్ల పొరపాటవుతుంది.

నరసాపురం, పాత సభ్యుడు:
నా అసలు అభ్యంతరం ఆ అమ్మాయి ప్రశ్నలోనే ఉంది. ఒక ఉపగ్రహాన్ని తనంతట తానే సమీపించాలని 2005 ఏప్రిల్ 15న నాసా పంపిన డార్ట్ నౌకలో లేజర్ వెలుగుతో లక్ష్యాన్ని చూసే సెన్సర్ ఉండనే ఉంది. అయితే జీపీఎస్ ఆధారంగా వేసిన స్థాన లెక్క తప్పడంతో, పగ్గాలు ఆ సెన్సర్‌కు అప్పగించవలసిన చోటును నౌక అందుకోలేకపోయి, దూరం తెలియకుండానే వెళ్లి లక్ష్యాన్ని ఢీకొంది. కన్నులో దోషం లేదు, అప్పగింతలో ఉంది. అందుకే ప్రధాన నేత్రం అన్న మాట నాకు మింగుడుపడదు. స్పేడెక్స్‌నే చూడండి, జనవరి 12న 3 మీటర్ల వరకు వెళ్లి వెనక్కు వచ్చింది. నాకు కలయిక కంటే ఆ వెనుకడుగే ఎక్కువ నచ్చింది.

అమలాపురం, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు:
ప్రధాన అన్న మాటను వెనక్కు తీసుకుంటున్నాను. కాని చంద్రుని వెనుక భాగాన నౌకకు నేల మీది మాట చేరదు. లేజర్ ఒక దూరం, కెమెరా మరొక దూరం చెబితే అక్కడ మీ సరంగు ఎవరు?

నరసాపురం, పాత సభ్యుడు:
తక్కువ దూరం చెప్పిన దాని మాటే వినాలి.

రాజోలు, ఇంజనీరింగ్ విద్యార్థిని:
తప్పుడు ప్రతిఫలనం ప్రతిసారీ దగ్గరగానే కనబడితే నౌక ప్రతిసారీ వెనక్కే పోతుంది గదండీ. డార్ట్‌కు ఇంధనం కూడా ముందే అయిపోయింది.