మీనాక్షి: సంస్కృతమా, ద్రావిడమా?

అక్షరపిపాసి: ‘మీనాక్షి’ అచ్చ సంస్కృతమని కొందరు, కాదు, తమిళంలో మీన్ + ఆట్చి (చేప ఏలుబడి, పాండ్యుల చిహ్నం చేపే కదా) అని కొందరు. ఏది నిలుస్తుంది?

ఏటిగట్టు: ఆట్చి వాదం నిలవదు. సంస్కృత ‘క్ష’ తమిళంలో చాలాచోట్ల ‘ట్చ’ అవుతుంది: సాక్షి సాట్చి, విశాలాక్షి విశాలాట్చి, కామాక్షి కామాట్చి. మరి కామాక్షిది కాముడి ఏలుబడి అందామా? పైగా ఆట్చి అంటే పాలన, పాలించే ఆవిడ కాదు.

వ్యాకరణప్రియ: అంటే సంస్కృతమేగా! మీనాల వంటి కన్నులు గలది, బహువ్రీహి. పాణిని 5.4.113 ప్రకారం సమాసం చివరి ‘అక్షి’ ముందు ‘అక్ష’ అవుతుంది, ఆపైన స్త్రీలింగపు ఈకారం చేరి ‘మీనాక్షీ’. గౌరీ గౌరి అయినట్టే తెలుగులో ఆ దీర్ఘం పోయింది. పేరు చివరి ఇకారం అక్షిలోనిదే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

ఏటిగట్టు: సమాసం సంస్కృతమే, ఒప్పుకున్నా. మొదటి ముక్క సంగతి చూడండి. ఋగ్వేదంలో చేప ‘మత్స్య’ (10.68.8), ‘మీన’ కాదు. మత్స్యకు ప్రాచీన ఇరానీ భాష అవెస్తాలో ‘మస్య’ అనే తోబుట్టువుంది, మీనకు అటువైపు చుట్టాల్లేరు. ఇటు చూస్తే తమిళ, మలయాళాల్లో మీన్, కన్నడ, తుళుల్లో మీను. భాషావేత్త బరో దీన్ని సంస్కృతంలో చేరిన ద్రావిడ పదాల్లో లెక్కించాడు. మనం మీనమేషాలు లెక్కపెడుతున్నామంటే అందులో సగం ఇంటి మాటే!

వ్యాకరణప్రియ: తెలుగు కావ్యాల్లోని ‘మీను’ మీనానికి తద్భవం ఎందుకు కాకూడదండీ?

ఏటిగట్టు: తెలుగు ఒక్కటే అయితే కావచ్చు. గోండి, కువి వంటి అడవి ప్రాంతాల ద్రావిడ భాషల్లోనూ ఆ మాట ఉంది. అడవుల్లోని అన్ని భాషలూ చేపకు పేరు సంస్కృతం నుంచి తెచ్చుకున్నాయనడం కష్టం. తమిళంలో మీన్ అంటే చుక్క కూడా. ‘మిన్’ (మెరుపు)తో ముడిపెట్టేవారున్నారు గానీ, అచ్చు నిడివి ఎందుకు మారిందో ముందు చెప్పాలి.

అక్షరపిపాసి: మరి మదురై మీనాక్షికి తమిళంలో ఉన్న ‘అంగయర్కణ్ణి’ అనే పేరు?

ఏటిగట్టు: అమ్ + కయల్ + కణ్ + ఇ. అందమైన కయల్ చేపల కన్నులది. 7వ శతాబ్దపు శైవ కవి సంబంధర్ తన తేవారం పాటల్లో మదురై అమ్మవారిని ఇలాగే పిలిచాడు. అర్థం మీనాక్షిదే. అంతమాత్రాన ఏది దేనికి అనువాదమో తేలదు.

వ్యాకరణప్రియ: మీన ద్రావిడం నుంచి ఎరువు తెచ్చుకున్న మాటే అనుకుందాం. అయినా పేరు సంస్కృతమే అంటాను. అచ్చతెలుగు ‘మీను’కు ‘అక్షి’ని అతికిస్తే అది వైరిసమాసం, అంటే తెలుగు, సంస్కృత మాటల పొసగని కలయిక. ఇక్కడ అతికింది ‘మీన’ కాబట్టే సవర్ణదీర్ఘం ఇంత సాఫీగా కుదిరింది.