కొండల్లో వేటకి కిల్ట్: పనికొచ్చే బట్టా, పెళ్ళి ఫొటోలకేనా?

గోదారిగట్టు:
స్కాట్లండ్‌లో అబర్డీన్ వచ్చి నాలుగేళ్ళయింది. కిందటేడు ఆఫీసులో ఒకాయన పెళ్ళికని కిల్ట్ కుట్టించుకున్నాను, ఇక్కడి మగవాళ్ళు నడుం నుంచి మోకాళ్ళ దాకా కట్టే గళ్ళ బట్ట. ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ, వెనకంతా కుచ్చిళ్ళే. డబ్బులు బాగానే వదిలాయి. అప్పట్నుంచీ బీరువాలో వేలాడుతోంది. ఇప్పుడు అదే పెళ్ళికొడుకు, అక్టోబరులో కేర్న్‌గార్మ్స్ కొండల వైపు ఒక ఎస్టేట్‌లో రెడ్ డీర్ అనే పెద్ద జింకల వేటకి వస్తావా అని పిలిచాడు. దాన్ని ఇక్కడ స్టాకింగ్ అంటారు. తుపాకీ నా చేతికివ్వరు, వెనకాల నడవడమే. కిల్ట్‌లో వస్తానంటే నవ్వాడు, ఎందుకో చెప్పలేదు. ఈ కొండల బట్టని ఈ కొండల్లో కట్టుకుంటే తప్పేంటి? 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక మన వైపు వేట ఊసే లేదు, ఇంట్లో అడుగుదామన్నా తెలిసినవాళ్ళు లేరు. మీరేమంటారు?

ఉల్లికారం:
తప్పేం లేదు, తమాషాగా ఉంటుందంతే. కిల్ట్ అనేది ఎడిన్‌బరాలో టూరిస్టుల కోసం బ్యాగ్‌పైప్ ఊదేవాళ్ళ యూనిఫాం. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వస్తే నవలలు రాసే వాల్టర్ స్కాట్ దగ్గరుండి ఊరందరికీ టార్టన్ అనే గళ్ళ గుడ్డ చుట్టించాడు. రాజుగారు కూడా కిల్ట్ వేసి, చలికో సిగ్గుకో కింద ఒంటిరంగు బిగుతు లాగు తొడిగాడు. ఆ ఫ్యాషనే ఇప్పటిదాకా నడుస్తోంది.

పాతచెప్పులు:
ఉల్లికారం గారూ, 1822 నుంచి మొదలుపెడితే కథ సగమే. ఫ్యాషన్ బట్టని 1746లో బ్రిటిష్ పార్లమెంటు పనిగట్టుకుని చట్టం చేసి నిషేధిస్తుందా? మొదటిసారి దొరికితే ఆర్నెల్లు జైలు, రెండోసారైతే ఏడేళ్ళు సముద్రాల అవతలికి. 1782 దాకా ఆ చట్టం ఉంది. ఆ బట్టలో హైలాండ్స్ జనం, అంటే ఉత్తరాన కొండసీమ వాళ్ళు, కొండలెక్కారు, పశువుల్ని తోలారు, రాత్రయితే అదే కప్పుకుని పడుకున్నారు.

నేను గ్లాస్గోలో ఉంటాను, ఎండాకాలమంతా కిల్ట్‌లోనే నడుస్తాను. ప్యాంటు తడిస్తే మోకాలికి అతుక్కుని అడుగు తీసి అడుగు వేయనివ్వదు. కిల్ట్‌లో వాగు దాటితే కాళ్ళు పది నిమిషాల్లో ఆరతాయి. గాలి ఆడుతుంది, కాళ్ళు ఎంత సాచినా పట్టెయ్యదు. మా తాత పంచె ఎగ్గట్టి మడిలో దిగేవాడు, ఏ రోజూ ప్యాంటు లేదని బాధపడలేదు.

కుచ్చిళ్ళక్క:
కిల్టులు కుట్టే షాపులో రెండేళ్ళు పనిచేశాను కాబట్టి ఒక మాట. మీరిద్దరూ రెండు వేరే బట్టల గురించి మాట్లాడుకుంటున్నారు. పాతది ఫేలీ మోర్, అంటే పెద్ద చుట్టు. కుట్టు ఉండదు, చీరలా ఒకటే పొడుగు గుడ్డ. నేల మీద పరిచి, కుచ్చిళ్ళు పెట్టి, పైన పడుకుని బెల్టు బిగించుకునేవాళ్ళట. పై సగం వానొస్తే తలమీదికి, చలేస్తే భుజాలకి, రాత్రికి దుప్పటి. తర్వాత పై సగం తీసేసి కింద సగమే ఉంచితే ఫేలీ బేగ్. అది 1720ల్లో రాలిన్సన్ అనే ఇంగ్లీషు ఇనుప కొలిమి యజమాని పనివాళ్ళ కోసం కనిపెట్టాడని ఒక కథ. దానికి ఆధారం 1768 నాటి ఒక ఉత్తరం, అంతకుముందే ఉందనేవాళ్ళూ ఉన్నారు. ఆ గొడవ వదిలేయండి.

గోదారిగట్టు తమ్ముడి బీరువాలో ఉన్నది ఈ రెండూ కాదు. కుచ్చిళ్ళు తుంటి దాకా కుట్టేసి, లోపల లైనింగ్ వేసి, బకిల్స్ పెట్టి, ఇస్త్రీతో కత్తిలా నిలబెట్టిన బట్ట. చీరకీ, జిప్పు పెట్టి కుట్టిన రెడీమేడ్ చీరకీ ఉన్నంత తేడా. కుచ్చిళ్ళలోకి ఒకసారి బురద వెళ్ళిందా, డ్రైక్లీనింగ్ వాడు కూడా దండం పెడతాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో హైలాండ్ సైనికులకి ఇదే అయింది. కుచ్చిళ్ళ నిండా పేలు, అంచుకి బురద గడ్డకట్టి మోకాళ్ళ వెనక కోసేసేది.

మబ్బుల్లోనేను:
స్టాకింగ్‌కి నేను మూడుసార్లు వెళ్ళాను. గోదారిగట్టు అన్నా, మీ ఆఫీసాయన ఎందుకు నవ్వాడో చెప్తాను. స్టాకింగ్ అంటే నడక అనుకుంటున్నారు, పాకుడు అది. పొద్దున మూడు గంటలు ఎక్కుతారు, సరే. ఆ తర్వాత మంద కనపడగానే ముందుండి నడిపించే స్టాకర్ చెయ్యి కిందికి ఊపుతాడు, అందరూ బోర్లా పడాలి. గడ్డం నేలకి ఆనించి, మోచేతుల మీద, పీట్ అనే కుళ్ళిన గడ్డి నేల నల్లటి బురదలో రెండు వందల గజాలు. హెదర్ అని కొండంతా ఉండే పొద, లేతది మెత్తగా ఉంటుంది, ఎండిన కొమ్మ పొట్ట మీద ఇనుప బ్రష్‌లా గీరుతుంది. ఆ భంగిమలో కిల్ట్ పైకి జరగడం తప్ప ఏం చేస్తుంది? మీ వెనకాల పాకేవాడి సంగతి ఆలోచించండి.

అందుకే ఎస్టేట్ల వాళ్ళు మోకాలి కిందికి దిగే ట్వీడ్ అనే ముతక ఉన్ని లాగులేస్తారు, ఒక్కో ఎస్టేట్‌కి దాని కొండరంగు ట్వీడ్.

ఉల్లికారం:
అదీ! ఎర్ర టార్టన్ వేసుకుని జింక ముందుకెళ్తే అది ఆగుతుందా?

మబ్బుల్లోనేను:
రంగు సమస్య కాదండీ. జింకలకి ఎరుపు, నారింజ మనకి కనపడ్డట్టు కనపడవు. అందుకే అమెరికాలో వేటగాళ్ళు కొట్టొచ్చే నారింజ కోటు వేసుకున్నా జింక పట్టించుకోదు. కదలిక, వాసన, చప్పుడు, ఇవి దాన్ని లేపుతాయి. గాలికి రెపరెపలాడే అంచు కదలికే కదా. తెల్లోళ్ళకి తెల్లటి మోకాళ్ళు మెరుస్తాయని ఇంకో భయం. మనకి ఆ టెన్షన్ లేదు, హెదర్‌లో కలిసిపోతాం :)

పాతచెప్పులు:
మబ్బుల్లోనేను చెప్పింది ఇప్పటి వేట. పాకి, ఒకే ఒక్క జింకని రైఫిల్‌తో కొట్టడం దూరం కొట్టే తుపాకీలొచ్చాక బలపడిన పద్ధతి. 1618లో జాన్ టేలర్ అని లండన్ పడవవాడు, పద్యాలు కూడా రాసేవాడు, బ్రేమర్‌లో ఎర్ల్ ఆఫ్ మార్ అనే ప్రభువు వేటకి వెళ్ళి చూసింది రాశాడు. అయిదారు వందల మంది తెల్లారకుండానే లేచి, మైళ్ళ కొద్దీ చుట్టుముట్టి, నడుంలోతు వాగులు దాటుతూ మందల్ని ఒక చోటికి తోలారు. ఆ తోలేవాళ్ళని టిన్‌చెల్ అనేవాళ్ళు. రెండు గంటల్లో ఎనభై జింకలు పడ్డాయంటాడు. ఇంకో సంగతి, అక్కడికి వచ్చిన అతిథి ఎంత గొప్పవాడైనా వాళ్ళ బట్టలే కట్టుకోవాలి, లేకపోతే కుక్కల్ని కూడా తేరట.

పరుగు, వాగు, వాన. ఆ వేటకి ప్యాంటు దండగ. బట్ట మారలేదు బాసూ, వేట మారింది.

కుచ్చిళ్ళక్క:
బట్ట కూడా మారిందని ఇందాకే చెప్పాను :) కానీ టేలర్ సంగతి బాగుంది. నడుం కింద లాగు లేనివాళ్ళు చాలామంది అని కూడా రాశాడు గానీ, బెల్టు కట్టు గురించి కాదు, భుజం మీద వేసుకునే ప్లైడ్ అనే దుప్పటి గురించి రాశాడు. దాన్ని ఇప్పటి కిల్ట్‌కి సాక్ష్యం చేయకండి.

పాలమూరుబిడ్డ:
ఇంతమంది చెప్పారు గానీ పిడుదుల ముచ్చట ఎవరూ ఎత్తలే. హైలాండ్స్‌లో జింకలు తిరిగే చోటల్లా పిడుదులే, వాటితోటి లైమ్ జబ్బు. నేను నర్సుగా చెప్తున్న, ఒట్టి కాళ్ళతోటి గడ్డిలో తిరిగి వచ్చి మోకాలు వెనక, గజ్జల్లో చూసుకోకుండ పడుకోకండి. ఆవగింజంత ఉంటది, పుట్టుమచ్చ అనుకుంటరు. సన్న మొన పట్టుకారుతో చర్మానికి ఆనించి నిదానంగా పీకాలె, వేలితోటి నలపొద్దు. ఎండాకాలమైతే మిడ్జ్‌లని కుట్టే సన్న ఈగలు వేరే, అక్టోబరుకి వాటి పీడ తగ్గుతది.

పాతచెప్పులు:
ఈ ఒక్కటి ఒప్పుకుంటాను చెల్లీ. మేజోళ్ళ పైన, కిల్ట్ కింద ఉండే ఆ జానెడు మోకాలే వాటికి పెళ్ళిభోజనం.

గోదారిగట్టు:
వెళ్ళొచ్చాను. కుచ్చిళ్ళక్క మాట విని కిల్ట్ బ్యాగులోనే పెట్టుకెళ్ళాను, ఎస్టేట్ వాళ్ళు పాత ట్వీడ్ లాగు అరువిచ్చారు, నడుం దగ్గర తాడు కట్టుకోవాల్సొచ్చింది. మబ్బుల్లోనేను చెప్పిన రెండు వందల గజాలు అబద్ధం తమ్ముడూ, మేం అంతకు రెట్టింపు పాకాం. చివర్లో గాలి తిరిగింది, మంద మొత్తం తలెత్తి మమ్మల్ని చూసి కొండ దాటిపోయింది. తుపాకీ పేలింది లేదు.

మర్నాడు పొద్దున వాన వెలిసింది. కిల్ట్ కట్టుకుని లోయలో నది వెంట ఎనిమిది మైళ్ళు నడిచాను, రెండు చోట్ల వాగులోకి దిగాను. పాతచెప్పులన్న చెప్పింది అక్షరాలా నిజం, ఇంక కొండ మీద ప్యాంటు వేసుకోను. అప్పుడు నవ్వినాయన ఈసారి తనూ కిల్ట్ తెచ్చుకోనందుకు తడి జీన్సుతో నా వెనకాల ఈడ్చుకుంటూ వచ్చాడు.

పాలమూరుబిడ్డ:
పిడుదులు?

గోదారిగట్టు:
రెండు. ఒకటి ఎడమ మోకాలు వెనక. రెండోది ఎక్కడో ఇక్కడ రాయను.