లంకమలకు పోతున్నాం: గొడ్డలా, మచ్చుకత్తా, రంపమా?

బద్వేలు బాటసారి
డిసెంబరులో ముగ్గురం లంకమల అడవికి నడిచి పోదామనుకుంటున్నాం. రెండు రాత్రులు గుడారంలో. ఒక్కొక్కరి సంచి పది కిలోలు దాటకూడదని పందెం, అందుకే కట్టెలు కొట్టడానికి ఒక్క పనిముట్టే. ఇంట్లో తూచి చూశాను: చేగొడ్డలి ముప్పావు కిలో, మచ్చుకత్తి అర కిలో, మడత రంపం పావు కిలో. మా ముగ్గురివీ మూడు మాటలు. మీరేమంటారు?

పెన్న గట్టు
మచ్చుకత్తే, ఇందులో ఆలోచించేదేముంది? మన కొండల్లో మాన్ల కంటే కంపలే ఎక్కువ. గొడ్డలితో రేగుకంప కొట్టి చూడు, కొమ్మ వంగి మళ్లీ నీ మొహం మీదికే వస్తుంది. కొన వంపు తిరిగిన కత్తయితే కొమ్మను లాక్కుని తెంపుతుంది. మా నాయన మేకలకు మండలు కొట్టింది దాంతోనే. ఆన్‌లైన్‌లో తళతళలాడేవి కొనకు. కొలిమి దగ్గర పాత లారీ కమాన్ పట్టీతో చేయించుకో.

గండి గాలి
అన్నా, మచ్చుకత్తితో ఎండు చండ్ర మొద్దు కొట్టావా ఎప్పుడైనా? టంగుమని ఎగిరి చెయ్యంతా జివ్వుమంటుంది. గొడ్డలి సంగతి నన్నడగండి. పోయినేడు మూరెడు కామ కూడా లేని చేగొడ్డలితో నిలబడి కొడుతున్నా. కట్టె జారింది, గొడ్డలి తిరిగొచ్చి మోకాలి కింద దిగింది. ఏడు కుట్లు. కామ పొడుగ్గా ఉంటే గురి తప్పినా నేలకు తగులుతుంది, పొట్టిదైతే కాలికే. పొట్టి గొడ్డలిని మోకాళ్ల మీద కూర్చుని వాడాలని కుట్లు పడ్డాక తెలిసింది. అప్పటి నుంచి నాది రంపమే. మణికట్టు లావు ఎండుకొమ్మ చప్పుడు లేకుండా తెగుతుంది.

పెన్న గట్టు
కోస్తుంది సరే, చీలుస్తుందా? వాన తడిసిన కట్టెలో పొడి భాగం లోపలే ఉంటుంది.

గండి గాలి
వండేది ముగ్గురికన్నా, పెళ్లికి కాదు. బొటనవేలు లావు పుల్లలు ఏరుకుంటే చీల్చే పనే లేదు.

పాత బీటు
అబ్బీ, అందరూ అసలు మాట వదిలేశారు. లంకమల అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో పోకూడదు. ఆయుధాలంటే ఏవో చెప్పే చోట కత్తులు కూడా రాసే ఉన్నాయి. పైగా ఇది ఎర్రచందనం నేల. తెల్లారుజామున సంచుల్లో గొడ్డలి, రంపంతో ముగ్గురు మగాళ్లు కనపడితే గార్డు ఏమనుకోవాలి? చప్పుడు లేకపోవడం గొప్పన్నావే, ఇక్కడ అదే అనుమానం.

ఇక ఆ కంపలు. 1900 తర్వాత ఎవరికీ కనపడని కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ దొరికింది ఈ లంకమల దగ్గరే. అది బతికేది ఆ ముళ్లపొదల మధ్య ఖాళీ జాగాల్లో. నువ్వు గుడారానికని చదును చేసేది దాని ఇల్లే కావచ్చు.

పెన్న గట్టు
మేకల కాపర్లు రోజూ పోతారు కదన్నా, వాళ్లనెవరడుగుతారు?

పాత బీటు
వాళ్ల మొహాలు గార్డుకు తెలుసు. నీది తెలుసా?

గండి గాలి
అడవిదాకా ఎందుకులే. సంచిలోంచి మచ్చుకత్తి పిడి బయటికి పెట్టుకుని కడప బస్టాండులో బస్సెక్కితే పక్క సీట్లో ఎవరూ కూర్చోరు. హాయిగా కాళ్లు చాపుకుని పోవచ్చు.

బద్వేలు బాటసారి
అందరికీ థ్యాంక్స్. సోమవారం రేంజ్ ఆఫీసుకు పోయి అడుగుతాం. రాత్రి ఉండకూడదంటే పొద్దున పోయి సాయంత్రానికి దిగేస్తాం. ఎలాగైనా పొయ్యి మాత్రం వెలిగించం. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, బొరుగులు. గొడ్డలి బరువు తగ్గింది కదా, ఆ ముప్పావు కిలోకు నీళ్లు మోసుకుంటాం. మాలో ఒకడికి పొద్దున్నే టీ లేకపోతే తలనొప్పి, వాడొక్కడే ఇంకా ఒప్పుకోలేదు.

పెన్న గట్టు
వాడికి ఫ్లాస్కు ఇప్పించు. మచ్చుకత్తి మీద మాత్రం నా మాట మారదు.