తక్కువ బడ్జెట్‌లో వేట రైఫిల్‌కు స్కోప్: దేనికి డబ్బు పెట్టాలి, దేన్ని వదిలేయాలి?

అడవిబాట:

అందరికీ నమస్కారం. వేట లైసెన్సు చేతికి వచ్చింది. .308 తూటా వాడే బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొన్నాను. డబ్బు చాలావరకు దానికే అయిపోయింది. స్కోప్‌కు మిగిలింది రైఫిల్ ధరలో మూడో వంతు. స్కోప్‌ను రైఫిల్‌కు బిగించే బేస్, రింగులు కూడా అందులోనే రావాలి.

వేట జింకలకే. అడవి అంచున మంచె మీద కూర్చుంటాను. ముందు గడ్డిమైదానం, దాని అవతలి అంచు 180 మీటర్ల దూరం. వెనక దట్టమైన పొదలు, అటు జంతువు కనబడిందంటే 30 మీటర్ల లోపే. అవి మేతకు బయటికి వచ్చేది తెల్లవారుతుండగా, మళ్లీ పొద్దు వాలాక.

దాదాపు ఒకే ధరకు రెండు కొత్త స్కోపులు దొరుకుతున్నాయి. మొదటిది 6-24×50, అంటే 6 నుంచి 24 రెట్లు పెద్దగా చూపేది, ముందు లెన్సు 50 మి.మీ. పక్కన పారలాక్స్ గుండీ (కన్ను పక్కకు జరిగితే గురి మారినట్టు కనిపించే తేడాను సరిచేసేది), వెలిగే రెటికిల్ (లోపల కనిపించే గురి గీతలు), 30 మి.మీ. గొట్టం, ఫస్ట్ ఫోకల్ ప్లేన్ (మ్యాగ్నిఫికేషన్‌తో పాటు రెటికిల్ కూడా పెరిగి తగ్గేది), రెటికిల్ నిండా గీతలు, అన్నీ ఉన్నాయి. రెండోది 3-9×40. అందులో ఇవేవీ లేవు, మామూలు రెటికిల్. అదే డబ్బుకు అన్ని సౌకర్యాలు వస్తుంటే రెండోది ఎందుకు కొంటారో అర్థం కావడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

తూర్పుదిక్కు:

అడవిబాట గారూ, 3-9×40 తీసుకోండి. కారణం కూడా చెబుతాను. అది తెలిస్తే రేపు ఎవరైనా ఇంకో మోడల్ చూపించినా మీరే తేల్చుకోగలరు.

వేట స్కోప్‌కు అన్నిటికన్నా ముఖ్యమైన గుణం జీరో నిలబెట్టుకోవడం. ఇవాళ కాగితం మీద తూటా ఎక్కడ తగిలిందో, బండిలో కుదుపులు తిన్నాక, రాత్రంతా చలిలో ఉన్నాక, డజన్ల తూటాల తన్ను భరించాక కూడా అక్కడే తగలాలి. స్కోప్ లోపల రెటికిల్‌ను మోసేది ఒక సన్నటి గొట్టం. దాన్ని ఒకవైపు నుంచి టరెట్ (గురి సర్దే గుండీ) మరలు, ఎదురువైపు నుంచి స్ప్రింగు నెట్టి పట్టుకుని ఉంటాయి. ఆ స్ప్రింగు నాసిరకమైతే, మరల పని మొరటుగా ఉంటే, జీరో నెమ్మదిగా జరిగిపోతుంది. చూడటానికి స్కోప్ నిక్షేపంగానే ఉంటుంది. తేడా తెలిసేది జింక పొట్టలో దెబ్బ తిని పొదల్లోకి పరుగెత్తినప్పుడే. తోటి వేటగాడి తూటా తిన్న జింక కోసం టార్చి వెలుగులో నెత్తురు చుక్కలు వెతికినవాణ్ణి. అందుకే ఈ ఒక్క విషయంలో మెత్తగా మాట్లాడలేను.

ఇప్పుడు ధర సంగతి. రెండూ ఒకే ధర అన్నారు కదా. మొదటిదానిలో ఆ డబ్బును పారలాక్స్ గుండీ, దీపం, అదనపు లెన్సులు, లావు గొట్టం పంచుకుంటున్నాయి. రెండోదానిలో ఆ మొత్తం లెన్సుల మీద, ఆ స్ప్రింగు మీద, మరల మీద ఖర్చయ్యే వీలుంది. ఖరీదైన స్కోపుల్లో ఆ సౌకర్యాలన్నీ బాగుంటాయి. ఈ ధరలో మాత్రం లోపల ఎక్కడో కోత పడి తీరుతుంది.

మీరు చెప్పిన మసక వెలుతురు దగ్గరికి వద్దాం. ముందు లెన్సు వ్యాసాన్ని మ్యాగ్నిఫికేషన్‌తో భాగిస్తే, కంటిలోకి వచ్చే కాంతి వలయం ఎంతో తెలుస్తుంది. దీన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. 50ని 24తో భాగిస్తే 2 మి.మీ. చిల్లర. చీకట్లో యువకుల కంటిపాప 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది, వయసు మీదపడ్డాక 5 మి.మీ. దగ్గర ఆగవచ్చు. రెండు మి.మీ. వలయంతో మసక వెలుతురులో జింక చెవి ఏదో, కొమ్మ ఏదో తేలదు. అదే 3-9×40ను 6 దగ్గర ఉంచితే 6.7 మి.మీ. వస్తుంది, కన్ను వాడుకోగలిగినంత వెలుతురు. 50 మి.మీ. లెన్సు చూసి ఆశపడకండి. దానికోసం స్కోప్‌ను ఎత్తులో బిగించాలి, అప్పుడు చెంప స్టాకు (రైఫిల్ వెనక భాగం) మీద ఆనదు. గొట్టం 30 మి.మీ. ఉంటే వెలుతురు పెరుగుతుందన్నది కూడా నిజం కాదు. దానివల్ల టరెట్ తిరిగే పరిధి పెరుగుతుంది, అది చాలా దూరం కాల్చేవారికి పనికొస్తుంది.

వెనక పొదల సంగతి మరీ ముఖ్యం. 6-24ను ఎంత తగ్గించినా 6 కంటే కిందికి రాదు. 30 మీటర్ల దగ్గర 6తో చూస్తే కనిపించే వెడల్పు రెండు మీటర్లు కూడా ఉండదు. జింక భుజం గోధుమరంగు గోడలా అద్దం నిండా పరుచుకుంటుంది, ఏ భాగం చూస్తున్నారో వెతుక్కునేలోగా అది కదిలిపోతుంది. 3 దగ్గర అయితే మూడు మీటర్ల పైనే కనిపిస్తుంది. జంతువు మొత్తం, దాని వెనక ఏముందో కూడా తెలుస్తుంది. ఆ వెనక ఏముందో తెలియకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు.

పారలాక్స్ గుండీ లేదని దిగులు వద్దు. 40 మి.మీ. లెన్సును 100 మీటర్లకు సరిచేసి ఉంచితే, కన్ను పూర్తిగా అంచుకు జరిగినా 200 మీటర్ల దగ్గర వచ్చే తప్పు సుమారు 2 సెం.మీ. చెంప సరిగ్గా ఆనిస్తే అదీ ఉండదు. గీతల రెటికిల్ కూడా మీ దూరాలకు అక్కర్లేదు. 150 గ్రెయిన్ (తూటా బరువు కొలత) తూటా 100 మీటర్ల దగ్గర 4 సెం.మీ. పైన తగిలేలా జీరో చేస్తే, 200 మీటర్ల దగ్గర నాలుగైదు సెం.మీ.కి మించి కిందికి పోదు. మధ్యస్థ జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు 20 సెం.మీ. దాకా ఉంటుంది, నేరుగా దాని మధ్యకే గురి పెట్టండి. పైగా ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో మ్యాగ్నిఫికేషన్ తగ్గించేకొద్దీ రెటికిల్ కూడా సన్నబడుతుంది. సంధ్యవేళ పొదల నేపథ్యంలో ఆ గీతలు కంటికి ఆనవు.

కొనేముందు రెండు చూడండి. లెన్సులు ఫుల్లీ మల్టీకోటెడ్ (అన్ని గాజు ఉపరితలాలకూ పలు పొరల పూత) అని ఉండాలి. పూత లేని ఒక్కో గాజు ఉపరితలం 4 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది, స్కోప్‌లో అలాంటి ఉపరితలాలు చాలా ఉంటాయి. రెండోది ఐ రిలీఫ్, అంటే వెనక లెన్సుకు, కంటికి మధ్య ఉండే దూరం, 9 సెం.మీ.కి తగ్గకూడదు. తగ్గితే .308 తన్నుకు స్కోప్ అంచు కనుబొమ్మను చీలుస్తుంది.

పాతగాజు:

తూర్పుదిక్కు గారు చెప్పినదానితో ఏకీభవిస్తాను. ఒక్క మాట కలుపుతాను. అదే డబ్బుకు వాడిన 6×42 ఫిక్స్‌డ్ (మ్యాగ్నిఫికేషన్ మారని) స్కోప్ దొరికితే ఇంకో మెట్టు పైస్థాయి గాజు వస్తుంది. తిప్పే భాగాలు తక్కువ, చెడేవీ తక్కువ, ఎగ్జిట్ ప్యూపిల్ నిండుగా 7 మి.మీ. వాడినదాన్ని కొనేటప్పుడు ముందు లెన్సు వైపు నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే బూజు పట్టిందని అర్థం, వదిలేయండి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే ఏమీ గలగలలాడకూడదు. గొట్టం మీద రింగుల గీతలు ఉండవచ్చు కానీ నొక్కు ఉండకూడదు. వారంటీ రెండో యజమానికి వర్తిస్తుందో లేదో తప్పక కనుక్కోండి. కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని మొదటి కొనుగోలుదారుకే ఇస్తాయి.

తూర్పుదిక్కు:

పాతగాజు గారూ, మైదానం ఒక్కటే అయితే నేనూ 6×42నే చెప్పేవాణ్ణి. ఆయన వెనక పొదలు ఉన్నాయి కాబట్టే 3 కావాలంటున్నాను. వాడినదాని విషయంలో మీరు చెప్పిన పరీక్షలన్నీ సరైనవే.

అడవిబాట:

ఇద్దరికీ ధన్యవాదాలు. 3-9×40 ఖాయం చేసుకున్నాను. రింగుల్లో తక్కువ ధరవి తీసుకుంటే నష్టమా? కొన్నాక స్కోప్ మంచిదో కాదో వేట కాలం మొదలయ్యేలోపు ఎలా తెలుసుకోవాలి?

తూర్పుదిక్కు:

రింగుల్లో పొదుపు వద్దు. అవసరమైతే స్కోప్‌లో ఒక మెట్టు తగ్గండి, బేస్, రింగులు మాత్రం గట్టివి కొనండి. జీరో జరిగిందని స్కోప్‌ను తిట్టే చాలా సందర్భాల్లో వదులైంది బేస్ మర. బేస్ మరలను, రంధ్రాలను నూనె లేకుండా తుడిచి, మరలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు ఒక చుక్క వేసి బిగించండి. రింగుల మరలను టార్క్ రెంచితో, తయారీదారు చెప్పినంతే, సాధారణంగా 2 న్యూటన్ మీటర్ల లోపే బిగించాలి. చేతి బలమంతా పెడితే గొట్టం నొక్కుకుపోయి లోపలి భాగాలు పట్టేస్తాయి. రింగులు బిగించే ముందు రైఫిల్‌ను సమతలంగా నిలిపి, కొంత దూరంలో దారానికి బరువు కట్టి వేలాడదీయండి. రెటికిల్ నిలువు గీత ఆ దారంతో కలవాలి. ఐ రిలీఫ్‌ను వేటలో తొడుక్కునే మందపాటి కోటు వేసుకునే చూసుకోండి, మ్యాగ్నిఫికేషన్ 9 దగ్గర పెట్టి చూడండి. చాలా స్కోపులకు అక్కడే అది బిగుసుకుంటుంది.

ఇక పరీక్ష. 100 మీటర్ల దగ్గర పెద్ద కాగితం పెట్టి, మధ్యలో ఒకే చుక్కకు గురి పెడుతూ ఉండండి. ఒకటి కాల్చి, టరెట్‌ను 20 క్లిక్కులు కుడికి, ఒకటి కాల్చి, 20 పైకి, మళ్లీ 20 ఎడమకు, 20 కిందికి. పావు ఎంఓఏ (కోణపు కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు) క్లిక్కు అయితే ఒక్కో భుజం సుమారు 14.5 సెం.మీ. చతురస్రం రావాలి, చివరి తూటా మొదటి రంధ్రం పక్కనే పడాలి. అంచనా కోసం ఒక్కో మూలకు రెండు మూడు తూటాలు కాల్చడం మేలు, రైఫిల్ సహజంగా చెదిరే దూరం కూడా ఉంటుంది కదా. తూటాలు ఖర్చు చేయలేకపోతే ఖాళీ రైఫిల్‌ను కదలకుండా బిగించి, గళ్ల కాగితం మీద రెటికిల్ ఎంత జరుగుతుందో కంటితోనే కొలవవచ్చు. ఆ తరువాత మ్యాగ్నిఫికేషన్‌ను 3 నుంచి 9కి తిప్పుతూ చూడండి. గురి చుక్క నుంచి జరగకూడదు.

చతురస్రం మూసుకోకపోతే మరో అవకాశం ఇవ్వకండి. అమ్మినవారు వెనక్కి తీసుకునే గడువులోనే ఇచ్చేసి మార్పించుకోండి. అందుకే ఈ పరీక్ష వేట కాలానికి నెల ముందే పెట్టుకోండి. జీరో చేసిన తూటా ఏ రకమో, ఎన్ని గ్రెయిన్లో రాసి స్టాకుకు అంటించండి. రకం మారిస్తే జీరో మళ్లీ చూసుకోవాలి.